ఇటుక బట్టీకి పోయిన మా టేకు దూలాలు

పోయినేడు ఫాల్గుణంలో మా అన్న మా తాత కట్టిన ఇంటిని ఇటుక బట్టీలో పెట్టి కాల్చాడు. గోడల సంగతి కాదు నేను చెప్పేది. గోడలు మట్టివి, మట్టిలోనే కలిశాయి. కాలింది పైకప్పును మోసిన కట్టె. తొమ్మిది టేకు దూలాలు, వాటికింద నిలబడ్డ పద్నాలుగు మొగురాలు, పైన వరసగా వాసాలు. అరవై ఏళ్లకు పైగా ఎండకూ వానకూ కోతులకూ ఓర్చుకున్న కట్టె మూడు రోజుల్లో బూడిదైంది. ఏడాది దాటినా ఈ ముచ్చట నేను నెమ్మదిగా చెప్పలేను. మొదలుపెట్టగానే గొంతు లేస్తుంది. మా ఆయన "మల్ల షురూ జేసినవా" అని టీవీ చప్పుడు పెంచుతాడు. అందుకే పిల్ల పడుకున్నాక రాసుకుంటున్నాను. కాగితం చప్పుడు పెంచదు.

దీనికంతటికీ మొదలు నా బిడ్డ ఒంటి మీది పొక్కులు.

మంచిర్యాలలో మేముండే కిరాయిల్లు రెండో అంతస్తులో. నెత్తి మీద ఉత్త స్లాబు. పగలంతా అది ఎండ తాగుతుంది, పొద్దుగూకినాక మా మీద కక్కుతుంది. గోడకు చెయ్యి ఆనిస్తే అప్పుడే దించిన రొట్టె పెంకలా చురుక్కుమంటుంది. బిడ్డకు ఏడాది నిండిన ఎండాకాలం, మెడ నుంచి నడుము దాకా ఎర్రగా పొక్కులు లేచాయి. తర్వాత జ్వరం. పాలు తాగలేదు, ఏడ్చే ఓపిక కూడా పోయింది. ఏడ్చినప్పుడు భయపడ్డ నేను, ఏడుపు ఆగాక దాని ఊపిరి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. దవాఖానలో రెండు రోజులు సెలైన్ ఎక్కించి, పెద్ద డాక్టరమ్మ రిపోర్టులన్నీ చూసి చెప్పింది: "పిల్లకు ఏం రోగం లేదమ్మా. రోగం మీ ఇంటికి ఉన్నది. సల్లగుండే జాగకు తీస్కపో."

అవ్వగారింటికి, మా అమ్మ దగ్గరికి తీసుకుపోయాను. మాది అడవి అంచు పల్లె. తాత చేతుల మీద లేచిన గూనపెంకల ఇల్లు. నడిమి అర్రలో దూలానికి చీర ఉయ్యాల కట్టింది అవ్వ. బిడ్డ నాలుగు గంటలు కదలకుండా పడుకుంది. నేను పక్కనే కూర్చుని ఊపిరి లెక్కపెట్టాను, అలవాటైపోయింది కదా. లెక్క సరిగానే ఉంది. వారానికి పొక్కులు ఎండిపోయాయి. ఆ వారంలోనే ఒకరోజు ఉయ్యాల ఊపుతూ తలెత్తి, చిన్నప్పటి నుంచి చూస్తున్న ఆ దూలాన్ని మొదటిసారి చూసినట్టు చూశాను.

నేను చదివింది బాటనీ. కరీంనగర్‌లో డిగ్రీ, పీజీ. బిడ్డ పుట్టే దాకా ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకు చెప్పాను. చెట్టు గాలిలోంచి కార్బన్‌ను తీసుకుని ఒళ్లు పెంచుకుంటుందని, ఎండిన కట్టె బరువులో దాదాపు సగం అదేనని, ఆ కట్టెను కాల్చనంత వరకూ కుళ్లనంత వరకూ అది అందులోనే ఉంటుందని బోర్డు మీద రాసేదాన్ని. నరికిన చెట్టును దూలం చేసి ఇంట్లో పెడితే అది ఆ ఇల్లున్నన్నాళ్లూ మూటగట్టి దాచినట్టే. నరికిన చోట ఇంకో మొక్క పెడితే అది కొత్త మూట కట్టుకుంటుంది. సిమెంటు సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. సున్నపురాయిని కాల్చాలి. దాన్ని కాల్చడానికి బొగ్గును కాల్చాలి. ఆ రాయిలో ఉన్నదీ, ఆ బొగ్గులో ఉన్నదీ రెండూ ఆకాశానికే పోతాయి. ఇదంతా నేను మార్కుల కోసం చెప్పిన పాఠం. మా ఇంటి దూలమే ఆ మూట అని, తాత కాలంలో ఆ చెట్టు పీల్చిన గాలే నా బిడ్డ ఉయ్యాలను మోస్తోందని ఆరోజే తట్టింది.

అప్పటికే మాకు మంచిర్యాల చివర్లో ఒక జాగ ఉంది, ఇల్లు మొదలుపెట్టాలని అనుకుంటున్నాం. తిరిగి వచ్చాక మా ఆయనతో అన్నాను.

"కింద నీ ఇష్టం. పైన పిల్ల పండుకునే అర్ర ఒక్కటి కట్టెతోని కడదాం."

"కట్టెతోనా? గుడిసెనా?"

"గుడిసె కాదు. దూలాలు, వాసాలు, పలకలు, మీదంగ గూన. మా అవ్వగారింటి తీరు."

"బాయిల పనిచేసేటోనికి స్లాబ్ పోసే దమ్ము లేకపాయె అంటరు నలుగురు."

"ఆ నలుగురు మే నెలల వచ్చి మనింట్ల పండుకుంటరా?"

మా ఆయనది బొగ్గు బాయిలో ఉద్యోగం. కార్బన్ గురించి నేను చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆ ముచ్చట నాకు జెప్పకు. నేను దినాం తవ్వేదే అది."

ఇద్దరం నవ్వాం. నాకు నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "నువ్వు తవ్వేది గూడ చెట్లే. కోట్ల ఏండ్ల కింద భూమి దాసిపెట్టుకున్నయి. వాటిని బయటికి దీసి కాలవెట్టబట్టిరి. పైన ఉన్న నాలుగు దూలాలనన్న దాసుకోనియ్యిన్రి" అన్నాను. "సరే, ఒక్క అర్ర. కట్టె నువ్వే తెచ్చుకో" అన్నాడు.

కట్టె ఎక్కడిదో అప్పటికే అనుకున్నాను. మా అన్న ఆ పాత ఇల్లు ఇప్పేసి స్లాబు ఇల్లు కట్టాలని రెండేళ్లుగా తిరుగుతున్నాడు. ఆపమని నేను అనలేదు. అనే హక్కు నాకు లేదు. ఎండాకాలం వారం రోజులు వచ్చిపోయేదాన్ని, కోతులు పెంకలు పీకితే వానకు గిన్నెలు పెట్టేది వాళ్లు. "కట్టె నాకియ్యి అన్నా" అని మాత్రం అడిగాను.

"తీస్కపో చెల్లె, నేనేం జేసుకోను. దర్వాజలు మటుకు నాయి" అన్నాడు. అడిగిందే తడవుగా ఇచ్చాడు. అన్న చెడ్డవాడు కాదు, అది కూడా రాయాలి.

వడ్రంగం చేసే మా ఊరి వడ్లాయనను పిలిపించి చూపించాం. ఆయన నిచ్చెనెక్కి, బాడిశ తిరగేసి ఒక్కో దూలాన్ని కొట్టి చెవి దగ్గర పెట్టి విన్నాడు. "అడివి టేకు ఇది. ఇంకో రెండు తరాలు నిలవడతది బిడ్డా" అన్నాడు. తర్వాత దూలమూ మొగురమూ కలిసేచోట మసి తుడిచి నన్ను పిలిచాడు. దూలం చివర మూడు గాట్లు, మొగురం నెత్తిన మూడు గాట్లు. పక్కదానికి నాలుగూ నాలుగూ. "ఏది దేంట్ల కూసుంటదో మా తాత పెట్టిన గుర్తులు. ఇప్పి యాడికన్న తీస్కపోయి మల్ల జోడియ్యచ్చు. ఒక్క మొల లేదు సూడు" అన్నాడు. ఒకచోట కట్టి ఇంకోచోటికి మోసుకుపోగలిగే ఇల్లది. అంతకాలం అందులో పెరిగి ఆ సంగతి నాకు తెలియదు.

మా దిక్కు టేకు ముక్క ఊరు దాటాలంటే అడవి శాఖ వాళ్ల జంగ్లాత్ ఆఫీసు పర్మిట్ కావాలి. పాత ఇంటి కట్టెకైనా అంతే. మా ఆయన తేలిగ్గా తీసేశాడు. "ట్రాక్టర్ల కింద ఏసి మీద గడ్డి కప్పి తెస్తే అయిపాయె. అందరు తెస్తలేరా." నేను ఒప్పుకోలేదు. దొంగకట్టె కింద నా బిడ్డను పడుకోబెట్టను అన్నాను. చదువుకున్నదాని పొగరు. నా చేత్తోనే దరఖాస్తు రాశాను. అన్న పేరు, ఇంటి నెంబరు, దూలాలు ఎన్ని, పొడుగెంత, అన్నీ గుండ్రంగా రాసి ఇచ్చాను.

అక్కడి సారు మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు.

"ఈ టేకు యాడిదమ్మా?"

"మా తాత కట్టిన ఇంటిది సార్. ఇల్లు ఇంకా నిలవడే ఉన్నది."

"రశీదు ఉన్నదా?"

"గప్పటి కట్టెకు రశీదు ఎవలిస్తరు సార్?"

"నేను గూడ గదే అడుగుతున్న." కాగితం మడిచి ఫైల్లో పెట్టాడు. "మేమొచ్చి సూస్తం. పంచనామా జేసి, దూలాలు లెక్కవెట్టి పర్మిట్ ఇస్తం. అప్పటిదాక ఇల్లు ముట్టద్దు. నిలవడ్డంతసేపు అది ఇల్లు. ఇప్పినంక అది టేకు."

నాలుగుసార్లు పోయాను, ప్రతిసారీ పిల్లను చంకనేసుకుని. ఒకసారి పులి తిరుగుతోందని అందరూ అటు పోయారు. ఒకసారి ఎలక్షన్ డ్యూటీ. ఒకసారి సారు ఉన్నాడు, సంతకం పెట్టాల్సిన పెద్ద సారు లేడు. నాలుగోసారి ఎందుకు కాలేదో ఎవరూ చెప్పనే లేదు. ఆ ఆవరణలో పట్టుకున్న కట్టె కుప్పగా పడి ఉంది. మంచి మంచి దుంగలు. వాటి మీద నెంబర్లు వెలిసిపోయాయి. కింది వరస చెదలు తినేసింది, పై వరస మీద పుట్టగొడుగులు మొలిచాయి. నా బిడ్డ ఒక దుంగ మీద అరచేత్తో కొడితే పొడి రాలింది. ఎన్నాళ్లయిందని అటెండర్‌ను అడిగాను. "కేసులు తెగాలె కదమ్మా" అన్నాడు. దొంగల దగ్గర నుంచి కాపాడిన కట్టె అది. దొంగ దగ్గరుంటే ఎవరింటికో తలుపై నూరేళ్లు ఉండేది. కాపాడినవాళ్ల దగ్గర అది కుళ్లి, దాచుకున్నదంతా మళ్లీ గాలికే వదిలేస్తోంది. ఆరోజు బస్సులో పళ్లు కొరుక్కుంటూ వచ్చాను.

ఆ వారంలోనే అన్న ఫోన్ చేశాడు.

"చెల్లె, ఎల్లుండి దాటితే మూఢం వడ్తదట. మల్ల మూడు నెలల దాక ముగ్గు పొయ్యద్దన్నడు అయ్యగారు."

"పంచనామా కానియ్యి అన్నా. ఇల్లు ఇప్పితే అంత ఖరాబైతది."

"వాళ్లు ఎన్నడొస్తరు?"

"ఒక్క వారం జర ఆగు" అన్నాను.

"నేనాగుత. శుక్రుడు ఆగుతడా?"

పునాదికి ముగ్గు పోయాలంటే జాగ ఖాళీ కావాలి. జాగ ఖాళీ కావాలంటే ఇల్లు ఇప్పాలి. పదిమందిని పెట్టి రెండు రోజుల్లో ఇప్పేశాడు. వడ్లాయన గాట్ల మీద సుద్దతో మళ్లీ నెంబర్లు వేసి, దూలాలు వాకిట్లో వరసగా పేర్చి ఫోటోలు తీసి పంపించాడు. నేను ఆ ఫోటోలు చూసి భయపడ్డాను, కానీ కొంచెం మురిసిపోయాను కూడా. ఏదో ఒకటి చెప్పి ఒప్పించవచ్చు అనుకున్నాను.

ముగ్గు పోసిన నాలుగోనాడు ఆఫీసు నుంచి అన్నకు ఫోన్ వచ్చింది. రేపు పంచనామాకు వస్తున్నాం, ఇల్లు చూపించాలి అని. నెలల తరబడి కదలని కాగితం అప్పుడు కదిలింది. చూపించడానికి ఇల్లు లేదు. వాకిట్లో రశీదు లేని టేకు ఉంది. దాని లెక్క నా గుండ్రటి చేతిరాతలో వాళ్ల దగ్గర ఉంది. అంతకు ముందేడు మా ఊళ్లోనే ఒకాయన నాలుగు పలకలు తెస్తుంటే ట్రాక్టరు పట్టుకున్నారు, ఇప్పటికీ విడిపించుకోలేదు. అన్నకు ఉన్నది ఆ ట్రాక్టరొక్కటే.

అన్న నాకు ఫోన్ చేయలేదు. ఊరవతల ఇటుక బట్టీ పెట్టిన దోస్తుకు చేశాడు. ఆ మధ్యాహ్నమే బట్టీ ముట్టించాలట. కోత మిషన్ తెచ్చి దూలాలను మూరెడు మూరెడు ముక్కలు కోసి, రెండు ట్రిప్పులు కొట్టారు. భయానికి దర్వాజలు కూడా వేసేశాడు. సాయంత్రం అవ్వ ఫోన్ చేసింది.

"బిడ్డా, కట్టె లేదు."

"లేదంటే ఏందవ్వా? ఎవలన్న ఎత్కపోయిన్రా?"

"ఎత్కపోతె బాగుండు. మీ అన్న బట్టీకి గొట్టిండు."

మర్నాడు పొద్దున మొదటి బస్సుకే పోయాను. దూరం నుంచే బట్టీ పొగ కనిపించింది. నేరుగా, తెల్లగా పోతోంది. చేతిలో పిల్ల ఉంది కాబట్టి అటు పరిగెత్తలేదు. పరిగెత్తి చేసేది కూడా ఏమీ లేదు. ఇల్లు ఇప్పిన జాగకు పోయేసరికి జంగ్లాత్ సారు వాకిట్లో కుర్చీ వేసుకుని చాయ్ తాగుతున్నాడు. అన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేల మీద దూలాలు పేర్చిన గాడులు ఇంకా ఉన్నాయి, రంపపుపొట్టు కుప్పలుగా ఉంది. ఆ వాసన తెలిసినవాళ్లకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

"మేడం, మీరు దరఖాస్తుల టేకు అని రాసిన్రు. మీ అన్నేమో తుమ్మ, మద్ది ఉండె, పొయ్యిలకు వాడుకున్నం అంటుండు. ఏది నిజం?"

అన్న నా వైపు చూడలేదు. అవ్వ చూసింది. వదిన, ఇల్లు లేచేదాకా వాళ్లు తలదాచుకున్న పక్కింటి తలుపు చాటు నుంచి చూసింది. నిజం చెబితే ఏమవుతుందో అందరికీ తెలుసు. సారుకూ తెలుసు. చాయ్ గ్లాసు కింద పెట్టి, బూటుతో పొట్టును కొంచెం పక్కకు నెట్టాడు.

"కేసు రాస్తే మాకు గూడ కోర్టుల సుట్టు తిరుగుడే. పొరపాటుగ రాసిన అని ఒక్క ముక్క రాసియ్యిన్రి. ఫైలు బందు జేస్త."

ఏం రాయాలో ఆయనే చెప్పాడు. నేను రాశాను. నాకు చెట్ల గురించి సరైన అవగాహన లేనందువల్ల తుమ్మ, మద్ది కట్టెను టేకుగా పొరబడి దరఖాస్తు చేసుకున్నాను. కింద సంతకం. యూనివర్సిటీలో టేకు ఆకు అడ్డకోత కోసి గీసి చూపించినదాన్ని, చిన్నప్పుడు ఆ లేత ఆకు నలిపి అరచేతులు ఎర్రగా చేసుకుని గోరింటాకని మురిసినదాన్ని, చెట్లు తెలియవని నా చేతిరాతతో రాసిచ్చాను. సారు చదువుకుని "మంచిగ రాసిన్రు" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆయన పోయాక అన్న మీద అరిచాను. ఏమేం అన్నానో సగం గుర్తులేదు. అన్న వింటూ వింటూ ఒకచోట ఆపాడు. "నువ్వు దరఖాస్తు రాయకపోతే నేను భయపడుదునా చెల్లె? ఊకుంటే ఒకనాడు మెల్లగ తెస్తుంటిగద."

నేను నోరు మూసుకుని ఉంటే ఆ దూలాలు ఎవరికో అమ్ముడుపోయి ఏ ఊళ్లోనో తలుపులుగా, మంచాలుగా బతికేవి. నేను చదువుకున్నాను కాబట్టి, కాగితాన్ని నమ్మాను కాబట్టి కాలిపోయాయి. నా కోపంలో పెద్ద వాటా ఇక్కడికే వస్తుంది. వచ్చి ఆగదు. మళ్లీ ఆ ఆఫీసుకు, ఆ అయ్యగారికి, అన్నకు, స్లాబు లేకపోతే ఇల్లే కాదనే ఊరందరికీ పంచుతాను. అయినా మిగులుతుంది.

ఆ బట్టీ ఇటుకలే అన్న తెచ్చి గోడలు కట్టాడు. దోస్తు సగం ధరకు ఇచ్చాడట. "ఉత్తగ పోలే, ఇటుకలన్న అయినయి గద" అని అవ్వతో అన్నాడట. మా జాగలో కూడా పోయిన కార్తీకంలో ఇల్లు లేచింది. పైన రేకులు వేద్దామా స్లాబు వేద్దామా అని మా ఆయన అడిగాడు. ఏదైనా వేసుకో అన్నాను. స్లాబే వేశారు.

ఈ మే మొదటి వారంలో బిడ్డ మెడ మీద మళ్లీ పొక్కులు లేచాయి. కొత్తింట్లో, కొత్త స్లాబు కింద. అవ్వ ఫోన్ చేసి, "పిల్లను తీస్కరా బిడ్డా, మీ అన్న ఏసీ పెట్టిండు" అంది. రాను అన్నాను. రెండు రోజులు మొండిగానే ఉన్నాను. మూడోనాడు పిల్ల అన్నం ముట్టలేదు. బట్టలు సంచిలో వేసుకుని బస్సెక్కాను. కోపం తల్లులకు రెండు రోజులకంటే ఎక్కువ పనికిరాదు.

అన్న కొత్తింట్లో ముందరి అర్ర ఏసీకి చల్లగానే ఉంది. బిడ్డ పడుకుంది. ఏడాదిగా అన్నతో నేను పొడిపొడిగా తప్ప మాట్లాడలేదు. ఆరోజూ అంతే. మధ్యాహ్నం కరెంటు పోయింది. పది నిమిషాలు కాకముందే కిటికీలు మూసిన అర్ర ఆవిరి పట్టినట్టయింది. పైనుంచి వేడి దిగడం నెత్తి మీద తెలుస్తోంది. బిడ్డ లేచి ఏడుపు అందుకుంది. అన్న బయటి నుంచి పరిగెత్తుకొచ్చాడు, బట్టీ ఇటుక గోడకు ఆనుకుని కూర్చుని, చేతికి అందిన అట్టముక్కతో విసరడం మొదలుపెట్టాడు. చెమటలు కారుతున్నాయి అతనికి. కొంతసేపటికి పిల్ల వీపు చూసి, అట్ట ఆపి, "దీనికి ఏం జేద్దాం చెల్లె" అన్నాడు. గొంతు చిన్నగా ఉంది.

చెప్పడానికి నాకు చాలా ఉంది. పిల్లను అతని అట్ట దిక్కు జరిపాను.

"ఆపకు. గట్టిగ ఇసురు" అన్నాను.